కొలతల పుస్తకం

రువీల మబ్బు పడితే పండుగే,
పిల్లలు రోడ్డు మీదికొచ్చి ఫోన్లు పైకెత్తుతరు.
ఆ రోజు మాత్రం వాదీ తిరగబడి
నా దుకాణంలకు మోకాలి లోతు వచ్చింది.

మిషన్లు ఆరబెడితే నడిచినయ్.
దిష్దాషా గుడ్డ ఉతికితే మళ్లీ తెల్లగైంది.
పదహారేండ్ల కొలతల పుస్తకం మాత్రం
చాయిల ముంచిన రొట్టెలెక్క ఉబ్బి
ఏ భుజం ఎవరిదో చెప్పలేకపోయింది.

“మబ్బుల దాచుకో లింబాద్రన్నా” అన్నడు
పైనంతస్తు టైపింగ్ సెంటర్ యూనుస్.
ముంచినదానికే తాళంచెవి ఇయ్యమంటవా, అన్న.
నవ్విండు. నెలకు రెండు రియాళ్లట,
నా దారపుండల ఖర్చంత లేదు.
అవన్నీ పెద్ద కంపెనీలకు గదా?
“పెద్దోళ్లకు ఒకటి పోతే ఇంకోటుంటది,
నీకున్నదే ఒక్కటి.”

గోటి కింద సూది దిగినట్టైంది.

నలభై రాత్రులు
టేపు మెడలేసుకొని గిరాకీలను మళ్లీ పిలిచిన,
ఒక్కొక్క అంకె ఎక్కించిన.
కొందరు రాలే. ఇద్దరు ఇంకెప్పుడూ రారు.
పాస్‌వర్డ్ గల్లాపెట్టె మీద సుద్దతో రాసుకుంటే
యూనుస్ తిట్టి తుడిపించిండు.

ఆ మబ్బు ఎవరిదో, ఏ దేశంల ఉంటదో
ఇప్పటికీ నాకు తెల్వదు.
సోహార్‌ల బామ్మర్ది దుకాణం తెరిచినంక
ఇక్కడ రాసిన కొలత
అక్కడ కత్తెర కింద పలుకుతున్నది.

నిన్న ఖల్ఫాన్ తాత వచ్చిండు, ఈద్ బట్టలకు.
ఎడమ భుజం అరంగుళం వాలింది.
ఆయనతోని అనలే.
మెల్లగ అంకె మార్చిన, అంతే.

టేపు చుట్టకముందే సోహార్ నుంచి ఫోన్:
“తాతకేమైంది బావా?”