బండి ఆగినంతసేపు

లోకానికి నాలుగు దిక్కులంటారు గానీ
గుంతకల్లు వాళ్ళకు అయిదు.
బళ్ళారి, రాయచూరు, ద్రోణాచలం, గుత్తి, ధర్మవరం.
అయిదు పట్టాల మీదా మావాళ్ళే తిరిగేవాళ్ళు.
నడుమ మా కుళ్ళాయమ్మ పెద్దమ్మ
స్టవ్వు అంటించుకుని కూర్చునేది.

ఆమెకు బండ్ల నంబర్లు తెలీవు.
సంజన్న బండి, హంపక్క బండి,
నెలలు నిండిన ఈరమ్మను పుట్టింటికి తెచ్చే బండి, అంతే.
కార్డు ముక్క ముందే వచ్చేది:
"బేస్తవారం పొద్దున పోతాండాము, ఆరో పెట్టె."
కార్డు రాయనివాళ్ళ కోసం
పెట్టెపెట్టెకూ తొంగి చూసేది.

ఆమె ఉగ్గానిలో తడి కొంచెం ఎక్కువ.
"బండి గాలికి అదే ఆరుతుందిలే" అనేది.
నిజంగానే ఆరేది, గుత్తి దాటేసరికి.
బజ్జీలు వేరే పొట్లం.
పిల్లలుంటే కారం లేనివి రెండు,
గుర్తుకు దారం చుట్టి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
అమ్మా నాయనా మాటల్లేకుండా
ఎదురెదురుగా కూర్చున్న ప్రయాణం ఒకటి.
ఎందుకో ఇప్పటికీ అడగలేదు.
కిటికీ ఊచల్లో కారియరు పట్టదని
నాయనను వాకిలి కాడికి పిలిచింది.
నీళ్ళ చెంబు అమ్మ చేతికిచ్చి
"వానికి తినేటప్పుడు పొలమారుతాది, పక్కన కూర్చో పో" అంది.
ఇంకేమీ అనలేదు. బండి కదిలింది.
ఆదోని వచ్చేదాకా నేను నిద్ర నటించాను.

పెదనాయన ఎర్రిస్వామి డీజిల్ షెడ్డులో ఫిట్టరు.
ఆ పాసు మీద కాశీకైనా పోవచ్చు.
"నేను పోతే ఆపొద్దు బండి కాడికి ఎవరు పోతారు?"
మొండిది.
బండి ఆలస్యమైతే స్టేషన్ మాస్టరును తిట్టేది,
కోడళ్ళు వేసిన ఉప్పును ఏనాడూ ఒప్పుకోలేదు,
డబ్బాలు తిరిగి పంపనివాళ్ళ పేర్లు
పెండ్లి పందిట్లో గట్టిగా చదివేది.

ఒకసారి ఎవరి కోసమో పోయి, వాళ్ళు కనపడక,
పన్నెండు పెట్టెలు కొట్టుకుంటా నడిచిందంట.
ఆ డబ్బా ఇంటికి తేలేదు.
మూడో ప్లాట్‌ఫారం మీద
పిల్లాజెల్లాతో కూలికి పోయేవాళ్ళెవరో ఉంటే
వాళ్ళకు పెట్టి, మీదే ఊరని అడిగింది.
ఏడాది తర్వాత కూడా
"పత్తికొండ వాళ్ళు ఎట్లుండారో" అనేది,
మేము ఆ పేరుతో మాకు చుట్టాలున్నారనుకునేవాళ్ళం.

పోయిన ఎండాకాలం పోయింది,
మావాళ్ళెవరూ లేని బండ్లు
వచ్చి పోతున్న ఒక మధ్యాన్నం.

బియ్యం డబ్బా వెనక, మిల్లులో రసీదులు గుచ్చే తీగె.
నిండా ప్లాట్‌ఫారం టిక్కెట్లు.
అడుగున అట్టముక్కలు, పైన పలచటి కాగితాలు.
టీసీలందరికీ ఆమె తెలుసు, ఎవరూ అడగరు.
"మనోళ్ళను చూసేదానికి దొంగగా పోతారా ఎవరన్నా?"
ప్రతిదాని వెనకా పెన్సిలుతో ఒక పేరు,
ఒత్తులు ఉన్నా లేకున్నా ఒకటే అయిన ఆమె రాత.
నా పేరు పద్నాలుగు సార్లు.

ఒక్కదాని మీద పేరు లేదు.
"కనపల్లేదు" అని ఉంది.
అందరూ ఎవరబ్బా అని తలలు గోక్కున్నారు.
నేను తిప్పి తేదీ చూశాను.

కాలేజీ వాళ్ళతో పోతున్నాను ఆ రోజు.
పసుపు మరకల డబ్బా, ముతక చీర,
కిటికీ కాడ పెద్దగొంతుతో నా ముద్దుపేరు,
తలుచుకుని సిగ్గేసి
పైబెర్తు ఎక్కి దుప్పటి కప్పుకున్నాను.
రేకు మీద ఆమె గాజుల చప్పుడు
దగ్గరికొచ్చి, దాటిపోయింది.
తర్వాత ఎన్నోసార్లు ఆమె ఉగ్గాని తిన్నాను.
ఒక్కసారీ అడగలేదు.

ఆ టిక్కెట్టొక్కటి తీగెలోంచి తీసుకున్నాను.
రాత్రి అందరూ పడుకున్నాక
ఆమె వదిలిన చోట నా పేరు రాద్దామని
దీపం కింద పెట్టి చూస్తే
అక్కడ కాగితం కొంచెం గరుకుగా ఉంది,
ముందు ఏదో రాసి
రబ్బరుతో తుడిచినట్టు.