మూడో తీగ

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, నా పద్మినికి చలిజ్వరం.
స్టీరింగు వణుకుతుంది,
అద్దంలో వెనక బస్సు రెండుగా కనబడుతుంది,
డాష్‌బోర్డు అర తలుపు తనంతట తానే ఊడిపడి
పాత చలానాలన్నీ నా ఒళ్లో పోస్తుంది.
పరుగులో ఉన్నంతసేపూ ఏ రోగమూ లేదు.
నిలబడటమే దానికి చేతకాదు.

చీటీ పాడి కొన్న బండి. ఎవరిమీద అరవను?
పెరంబూరులో ఒకాయన కార్బరేటర్ విప్పి కడిగాడు.
అయనావరంలో ఇంకొకాయన పెట్రోలును తిట్టాడు.
మూడో అతను బండిని వదిలేసి నన్ను చూశాడు:
"అమ్మేయండి మేడమ్, ఆడవాళ్లకి ఆటోమేటిక్ మేలు."

పుదుపేటలో దేశింగు ఏమీ అనలేదు.
అతనికి ఎడమ చెవి వినబడదు.
పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి, పిడి కుడిచెవికి ఆనించి
కళ్లు మూసుకున్నాడు,
గోడ అవతలి కాపురం వింటున్నవాడిలా.
"తిండి సరిగానే తింటోంది. నిప్పు సంగతి చూద్దాం."

సైకిల్ ట్యూబు చుట్టిన పటకారుతో
నడుస్తున్న ఇంజిన్ మీంచి ఒక్కో తీగా పీకాడు.
ఒకటి: బండి కుంగింది. పెట్టేశాడు, లేచింది.
రెండు: ఇంకాస్త కుంగింది.
మూడు:
ఏమీ కాలేదు. అదే వణుకు, అదే దగ్గు.
"పీకినా తేడా తెలియలేదంటే
వీడు చాన్నాళ్లుగా పనికి రావడం లేదన్నమాట.
హాజరు మాత్రం పడుతోంది."
నాకు మా ఆఫీసులో ఇద్దరు గుర్తొచ్చారు.
ఒకరి పేరు చెప్పను. రెండోది నేనే, పోయిన ఏడాదంతా.

ప్లగ్గు తీస్తే పెట్రోలు తడి, మసి.
ఒకటోదాన్ని మూడులో, మూడోదాన్ని ఒకటిలో బిగించాడు.
రోగం మూడు దగ్గరే కూచుంది.
తీగ మార్చాడు. కదల్లేదు.
అప్పుడు ట్యూబులైటు ఆర్పమని కుర్రాణ్ణి కేకేసి
డిస్ట్రిబ్యూటర్ మూత మీద నీళ్లు చిలకరించాడు,
పూజారిలా కాదు,
దోసె పెనం మీద చిలకరించినట్టు.

చీకట్లో కనబడింది.
మూడో గొట్టం మొదట్లోంచి క్లిప్పుదాకా
అంగుళం పొడుగు నీలం దారం,
పుడుతూ, చస్తూ, చిటచిటమంటూ.
లోపలికి పోవాల్సిన వేల ఓల్టులు
వెంట్రుకంత పగుల్లోంచి బయట తిరుగుతున్నాయి.
ఇన్నాళ్లూ అందరం పగలే వెతికాం.

మూత నూట ఎనభై. బేరమాడితే నూట డెబ్బై.
పాయింట్ల సందు హాక్సా బ్లేడు మందాన సరిచేసి
నా దగ్గరే రూపాయి బిళ్ల అడిగి
ఎయిర్ క్లీనర్ మీద అంచున నిలబెట్టాడు.
నిలబడింది.
వీధిలో నీళ్ల లారీ పోయింది. పడింది.
"అది లారీ తప్పు," అన్నాడు, బిళ్ల జేబులో వేసుకుంటూ.

ఎగ్మూరు సిగ్నల్లో ఆగాను.
అర తలుపు మూసే ఉంది. అద్దంలో బస్సు ఒక్కటే.
చచ్చిపోయిందనుకుని తాళం తిప్పాను.
బతికున్న ఇంజిన్ మీద స్టార్టరు కీచుమని అరిచింది.
పక్క ఆటో అతను తల బయటపెట్టి
"ఓడుదుక్కా, ఓడుదు" అన్నాడు.

నడుస్తూనే ఉందట.