ఏడో నంబర్ సిస్టం

పొద్దున పదింటికి ఫోన్ మోగుతది.
"మేడం, ఓపెన్ అయితలేదు."
ఏది అని నేనడగ.
పదకొండు నెలల సంది ఓపెన్ కానిది
మా తాన అదొక్కటే.

"క్యాప్స్ లాక్ చూడుండ్రి.
సున్నా కొట్టిన్రా, ఓ కొట్టిన్రా?
క్యాంపస్ వైఫైలనే ఉన్నరా, సొంత డేటానా?
సొంతదైతే మీరు బయటోళ్ళ కింద లెక్క.
అంతా మూసి, మళ్ళొకసారి తెరువుండ్రి."

సగం రోగాలకు ఇదే మందు.
మిగిలిన సగానికి ఆకుపచ్చ అట్ట రిజిస్టరు,
దారంతో కట్టేసిన పెన్ను.

బోడ హరిసింగ్ ఇంటిపేరు ముందు రాస్తే
సర్వర్ గుర్తువట్టది,
వెనుక రాస్తే యూనివర్సిటీ గుర్తువట్టది.
తస్నీమ్ ఓటీపీ పాత నంబర్‌కు పోతది.
ఆ నంబరిప్పుడు అత్తాపూర్ల ఒక ఆటో ఆయనది.
మంచోడు. ఆమె ఫోన్ చేస్తే
బండి పక్కకు ఆపి ఆరంకెలు చదువుతడు,
"మంచిగ చదువుకో బిడ్డా" అని పెట్టేస్తడు.
ఆ నంబరు మార్చాలె. మార్చబుద్ధి కాదు నాకు.

నా కార్డు మీద మాత్రం
నాన్ టీచింగ్, కాంట్రాక్ట్.
ఒకనాడు నా పేరు నేనే కొట్టి చూసిన.
మీకు అనుమతి లేదు, అన్నది,
ఎర్రక్షరాలల్ల,
చివర్ల దయచేసి అని కూడ అన్నది.

శనివారం రాత్రి ఎనిమిదింటికి
లైట్లు ఆర్పుకుంట వస్తున్న.
ఏడో నంబర్ సిస్టం ఇంకా వెలుగుతున్నది.
పక్కన అడుగంటిన చాయ్ కప్పు,
బయటికి రావుడు మరిచిపోయిన పిలగాని పేరు మూలకు.
మౌస్ మీద చెయ్యేసిన, బంద్ చేద్దామనే.

మూడో పట్టికల, పద్నాలుగో వరుసల:
మల్లెబావి బస్తీ, నాచారం వెనుక,
మసీదు సందు మొగదల బోరు.

అది మా బోరు.

యాదికొచ్చింది. రెండేండ్ల కిందట
ఐసు డబ్బా పట్టుకొని ఒక పిలగాడు వచ్చిండు,
సీసాల మీద చీటీలు అతికించుకుంట.
అమ్మ మజ్జిగ పోసింది.
"ఈ రంగు ఎప్పటి సంది ఉన్నదమ్మా?"
"నా పెండ్లప్పటి సంది" అని నవ్వింది.
మళ్ళ రాలే. ఎందుకొస్తడు,
దొరకాల్సింది దొరికినట్టున్నది.

నాకు నోరు తిరగని లోహం ఒకటి,
అనుమతించిన దానికి తొమ్మిదింతలట.
రెండుసార్లు చదివిన ఆ అనుమతి అన్న మాటను.
మా ఇంట్ల పదహారేండ్లు తాగినం,
ఆ నీళ్ళను ఎవరూ పాస్‌వర్డ్ అడగలే.

తెర మీద గడియారం పుట్టింది:
మీరింకా ఉన్నారా?
ఉన్న, అని నొక్కిన.
ఇంకొకసారి అడిగింది. మళ్ళ నొక్కిన.
రిజిస్టర్ వెనుక పేజీల
అంకెలన్నీ దింపుకున్న, చుక్కలతో సహా,
చుక్క ఎటు జరిగినా బతుకు మారుతదని భయం.

హబ్సిగూడల బస్సు దొరికేసరికి తొమ్మిదిన్నర.
అమ్మ బిందె కింద పెట్టి
నల్లా సన్నగ వదిలి కూసున్నది.
ఏం చెప్పాలె?
అంతా మూసి మళ్ళా తెరువమనాల్నా?

సోమవారం ఫోన్. "మేడం, ఆ రోజు
లాగౌట్ మరిచిపోయిన, ఏమైనా అయితదా?"
"ఏంగాదు, నేను బంద్ చేసిన."
పెట్టేసినంక చాలాసేపు
రిసీవర్ మీదనే నా చెయ్యి.

అటెన్క పెన్ను దారం గుంజి రాసిన:
పేరు, జంగం పుష్పలీల.
సమస్య, తాగే నీళ్ళు.
పరిష్కారమైన తేదీ గడి వదిలేసిన.

నెలాఖరుకు సారు వేలు పెట్టి చూపిచ్చిండు,
"ఇది మన సాఫ్ట్‌వేర్‌ది కాదు గదమ్మా?"
"కాదు సార్" అన్న.
కొట్టెయ్యమన్నడు.
పెన్నుల సిరా అయిపోయిందని చెప్పిన.