కోతబల్ల

పొగమంచు దిగితే గల్ కోవ్‌లో
సముద్రమెక్కడో వాకిలెక్కడో తెలియదు.
సర్కారు ఇక చేపలు పట్టొద్దనేదాకా
పదకొండేళ్లు ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి
అక్కా నేనూ కాడ్ చేపలు కోశాం.
డోర్కస్ గొంతు కింద కత్తి ఆనిస్తే
ఒక్క గీతలో తోకదాకా.
పేగులు బకెట్లోకి,
కాలేయం నూనె పీపాలోకి.
కాలేయం మీద తెల్లమచ్చ కనబడిందా,
ఆ చేపను చూడకుండానే పక్కకి విసిరేది:
"ఇది లోపల్లోపల ఎప్పుడో పోయింది."

నాన్న ఆంబ్రోస్ నలభై మూడుకి పోయాడు.
బాబాయి లియాండర్ ముప్పై తొమ్మిదికి.
వాళ్లకంటే ముందు అత్త.
చర్చి పుస్తకంలో "కడుపు మెలి" అని రాశారు ఆమెకి,
మిగతా ఇద్దరికీ అదీ రాయలేదు.
ఊళ్లో ఆడవాళ్లు ఉప్పుని అనుమానించారు,
బావి నీళ్లని,
కొందరు నానమ్మ నోటిని.
ముగ్గుర్ని పాతిపెట్టొచ్చిన నానమ్మ
పొయ్యి పక్కన పొట్టమీద చెయ్యేసుకుని కూర్చునేది.
కడుపుకోతకి కత్తి అక్కర్లేదని
నాకు తొమ్మిదేళ్లకే తెలుసు.

సెయింట్ జాన్స్ నుంచి ఒక పిల్ల వచ్చింది, ఐలీన్,
బూట్లనిండా బురదతో, చేతిలో కాగితపు చుట్టతో.
వంటింటి బల్లమీద పరిచి గీసింది:
మగాళ్లకి చదరాలు, ఆడాళ్లకి వలయాలు,
జబ్బు తిన్నవాళ్లకి లోపల నల్లసిరా.
టీ పోస్తూ చూశాను
మా వంశం పైనుంచి కిందికి మాడుకుంటూ రావడం.

కణం తనని తాను నకలు రాసుకుంటుందట.
తప్పులు దొర్లితే దిద్దడానికి ఒక జన్యువుందట.
మావాళ్లలో ఆ దిద్దేవాడి దగ్గరే
ఒక అక్షరం జారింది.
ఇక తప్పు మీద తప్పు,
పెద్దపేగు గోడలో బుడిపె,
అడిగేవాడు లేని బుడిపె.
పుట్టే ప్రతి బిడ్డకీ బొమ్మో బొరుసో.
పేగుబంధం అంటారే, ఇదేనేమో.

రెండు గొట్టాల నెత్తురు.
రెండు ఉత్తరాలు ఒకే రోజు.
నాది చదివి మడిచాను.
అక్క తనది తెరవలేదు.
నా మొహంలోకి చూసింది,
అక్కడ నేను దాచలేనిదేదో కనిపించిందేమో,
లేచి వెళ్లి గిన్నెలు కడిగింది.

అప్పటికే ఉంది, కుడివైపున.

డాక్టర్ నోస్వర్తీవి చిన్న చేతులు.
గాల్లో వేలితో గీసి చూపించింది:
పెద్దపేగు దాదాపు అంతా తీసి
చిన్నపేగు కొసని కింద అతికిస్తానని.
"కుట్టు ఎంత బరువాపుతుంది?" అంది అక్క.
వలలు బాగుచేసినవాళ్లు అడిగే ప్రశ్న.

అయిదున్నర గంటలు.
బయట కుర్చీలో నా గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.
ఎన్నేళ్లయినా అక్కడ పొలుసు ఉన్నట్టే ఉంటుంది.

ఇరవై ఆరు లింఫ్ గ్రంథులు ఏరారు,
నాలుగింటిలో ఉంది.
కాలేయం మీద ఒకటి, గోలీ అంత.
అక్క నవ్వింది. కుట్లు లాగి ఆపేసింది.
"తెల్లమచ్చ. మేమైతే పక్కకి విసిరేవాళ్లం."
"మేం విసరం," అంది నోస్వర్తీ.
"ఆ ముక్క మాత్రం కోస్తాం.
మిగిలిన కాలేయం మళ్లీ పెరుగుతుంది."
అక్క చాలాసేపు కిటికీ వైపు చూసింది.
ఎన్ని చేపలో, అంది చివరికి.

రెండో కోత అయ్యాక రెండు వేసవులు గడిచాయి.
రోజుకి ఏడెనిమిదిసార్లు పరుగు పెడుతుంది,
దారిలో నన్ను తిడుతుంది.
వాళ్ల గిడియన్‌కి ఇరవై ఒకటి.
రేపు పొద్దున గొట్టపు పరీక్ష,
ఈ రాత్రి ఆ ఉప్పుమందు జగ్గు పట్టుకుని
వాకిట్లో గుటక గుటకకీ మొహం చిట్లిస్తున్నాడు.
స్కాన్‌లో ఏముందో అక్కకి శుక్రవారం తెలుస్తుంది.

ఐలీన్ వదిలివెళ్లిన కాగితం సొరుగులో ఉంది.
అన్ని నలుపుల పక్కన
నా వలయం తెల్లగా, గుడ్డుపెంకులా.
ఒకసారి పెన్సిల్ తీసుకున్నాను,
ఎందుకో నాకే తెలియదు.
అక్క లాక్కుంది.
"ఖాళీగా ఉండనీ.
కోత అయ్యాక బల్ల కడిగేవాళ్లు
ఒకరుండాలిగా."