పదహారణాల లెక్క

ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డుల
బిక్షపతి తెల్ల కారు మూడు రోజులైంది బానెట్ తెరుచుకొని.
దాని మెదడు నా ఒళ్లో ఉన్నది:
అరచేతంత అల్యూమినియం డబ్బా,
పొడుగు వైర్లు అటు బండికి, ఇటు నా లాప్‌టాప్‌కు.

అడిగితే జవాబిస్తది. ఆగకుంట ఇస్తది.
ఏడు బీ. నాలుగు ఎనిమిది. సున్నా సీ. ఎనిమిది సున్నా.
జ్వరమొచ్చిన పిల్ల కలవరింత లెక్క
సగం అంకెలు, సగం అక్షరాలు.
ఏది వేడో, ఏది గాలో, ఏది పెట్రోలో
చెప్పే కాయితం ఈ బండికి ఎక్కడా దొరకలే.

జబ్బార్ చాచా స్టూలు జరుపుకొని తెర మీదికి వంగిండు.
ఎనభైకి రెండు తక్కువ.
కార్బొరేటర్ల కాలంల స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి
ఇంజను కడుపుల మాట వినెటోడు.
"ఏందిది బేటీ, అంకెల నడుమ అక్షరాలు?"

పదితోని ఆగదు చాచా, పదహారు దాక పోతది అన్న.
తొమ్మిది దాటినంక అంకెలు అయిపోయినయి,
అక్షరాలు అరువు తెచ్చుకున్నరు.

"మా అబ్బా ఖాతా బుక్కు కదా ఇది!"
పదహారణాలకు రూపాయి. హాలీ సిక్కా.
ఏడు బీ అంటే, బీ పదకొండయితే,
ఏడు రూపాయల పదకొండణాలు.
అన్నీ అణాలు చేస్తే?
నేను కాలిక్యులేటర్ తెరిచేలోపే
వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిచొచ్చింది:
నూట ఇరవై మూడు.

నిజమే.
ఎఫ్ ఎఫ్ అంటే పదిహేను రూపాయల పదిహేనణాలు.
ఇంకొక్క అణా పడితే గల్లా పొంగిపోయి
మళ్ల సున్నా నుంచి మొదలు.
పాలిటెక్నిక్‌ల ఇది నా బుర్రకెక్కనీకి ఒక సెమిస్టర్ పట్టింది.

తర్వాతి పని చాయ్ దుకాణంల.
వేడి చూసే సెన్సర్ విప్పి, తుడిచి,
యాకూబ్ కెటిల్ల ముంచినం.
పక్కన పాల కేంద్రం నుంచి అడిగి తెచ్చిన థర్మామీటర్.
తెర మీద గడులన్నీ నిలబడ్డయి, ఒక్కటే కదిలింది.
గాజు గొట్టంల ఎనభై మూడు, తెర మీద నూట ఇరవై మూడు.
బకెట్ నీళ్లల్ల ముప్పై రెండు, తెర మీద డెబ్బై రెండు.
ఎప్పుడు చూసినా నలభై ఎక్కువ.

అంటే నలభై తరుగు తియ్యాలె.
తరుగు అనంగనే ఎనుమాముల యార్డు యాదికొచ్చింది,
మా బాపు మిర్చి బస్తాలు,
కాంటా మీద నుంచి చూపు తిప్పకుంటనే
"బస్తాకు రెండు కిలోలు" అనే గొంతు.
ఇక్కడ ఎవరి కోసం తరుగు?
ఎక్కడో మంచు దేశంల
సున్నా కింద నలభై దాక దిగే పొద్దుగాల
లెక్క తప్పొద్దని.
వరంగల్ల మే నెలల కూడ
ప్రతి బండి ఆ చలిని మోసుకుంటనే తిరుగుతది.

ఇంజను చుట్ల కాడ నేను తప్పిన.
ఎనిమిది సున్నా ముందు, సున్నా సీ వెనుక చదివిన.
నిమిషానికి ఎనిమిది వేల నూట తొంభై అయిదు!
బండేమో నిలబడ్డకాన్నే నెమరేస్తున్నది.
చాచా చెవి ఆనించి, ఎనిమిది వందలు అన్నడు.
తిప్పి చదివితే మూడు వేల రెండు వందలు.
నాలుగుతోని భాగించిన.
నేనేం అనలే. ఆయన కూడ.

ఇంకొక్క గడి మిగిలింది.
వేడికి కదలదు, రేసు ఇచ్చినా కదలదు.
బండి దానంతట అదే చచ్చినప్పుడు మాత్రం
ఒక్కటి పెరుగుతది.
"రెండు మూడు సార్లు ఆగింది, అంతే" అని బిక్షపతి
నిన్న కూడ ఒట్టేసిండు.
నర్సంపేట కిరాయిలు, పాకాల మలుపులు,
వెనుక సీట్ల పెండ్లోళ్లు.
డీ మూడు.
చాచా బొటనవేలు కణుపుల మీద నడిచి ఆగింది.
పదమూడు రూపాయల మూడణాలు.

పొద్దుమూకి బిక్షపతి వచ్చిండు.
ఏమన్న తెలిసిందా అన్నడు.
వేడి తెలిసింది అన్న, చుట్లు తెలిసినయి.
చాచా ముగ్గురికి చాయ్ చెప్పిండు,
అదే కెటిల్ల.