వాడకంలో లేని ఫ్యాను

టెక్కలి ఆసుపత్రిలో పద్నాలుగో నెంబరు గది
ఒకప్పుడు సెలైను పెట్టెలది.
పిల్లల మనసు బాగోగులకని
గ్రాంటు వచ్చాక మాది.
తలుపు మీద పాత అక్షరాలు ఇంకా ఉన్నాయి:
‘పగిలే సరుకు. మెల్లగా దించవలెను.’
చెరిపించడానికి పద్దు లేదు.
చెరిపించాలనీ లేదు.

మొదటి విడత డబ్బుతో
రెండు చాపలు, ఒక బొమ్మల పెట్టె,
రంగు సుద్దలు, సీలింగ్ ఫ్యాను.
రెండో విడత దారిలో ఉందన్నారు.
ఏ దారిలోనో చెప్పలేదు.

భావనపాడు నుంచి ఢిల్లేశు వచ్చాడు, తొమ్మిదేళ్ళు.
తుపాను రాత్రి ఇంటి రేకుతో పాటు
నోటి మాటా లేచిపోయింది.
"గుంటడికి ఏటో సోకిందమ్మా,
మూడూళ్ళ మంత్రాలూ అయిపోనాయి"
ఎండుచేపల బుట్ట గడప బయట దించి
అంది వాళ్ళ మామ్మ.

ఉక్కగా ఉందని స్విచ్చి వేశాను.
రెక్కలు వేగం అందుకోగానే
వాడు చాప కింద దూరాడు.
చాప ఎంతని ఉంటుంది?
కాళ్ళు రెండూ బయటే వణికాయి.

ఆ రోజు నుంచి ఫ్యాను ఆపేశాం.
ఏప్రిల్ అంతా, మే అంతా
చెమటలో తడుస్తూ బొమ్మలు వేశాం.
వాడు కొబ్బరిచెట్లు గీసేవాడు.
అన్నీ పడుకునే ఉండేవి.

జూన్‌లో ఆడిట్. పట్నాయక్ గారు మంచివారే.
బొమ్మలు లెక్కపెట్టి, సుద్దముక్కలు లెక్కపెట్టి,
తల పైకెత్తారు.
"రెక్కల మీద దుమ్ము.
రెండు వేల నాలుగు వందలు పోసి కొని
వాడలేదేం?"
చెప్పాను.
కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ అంతా విన్నారు.
"ఇది ఏ గడిలో రాయనమ్మా?" అన్నారు.

లబ్ధిదారులు: నూటపన్నెండు.
సిట్టింగులు: ఆరు వందల నలభై.
మాట్లాడని మాటలకు గడి లేదు.
చాప కింద నుంచి చాప మీదికి
ఒక పిల్లాడు వచ్చిన దూరానికి
టీఏ బిల్లు లేదు.
ఆయన రాసింది:
‘పరికరం నిరుపయోగం. సంజాయిషీ కోరవలెను.’

రెండో విడత ఇంకా దారిలోనే ఉంది.
నా జీతం ఆగి మూడు నెలలు.
మామ్మ వచ్చినప్పుడల్లా
గుప్పెడు ఎండు నెత్తళ్ళు కాగితంలో చుట్టి
బల్ల మీద పెట్టి పోతుంది.
స్టాకు రిజిస్టరులో ఎక్కించలేదు.

నిన్న శుక్రవారం. ఒకటే ఉక్క.
ఢిల్లేశు లేచి, కుర్చీ లాక్కుని, ఎక్కి,
రెగ్యులేటరు ఒకటి మీదికి తిప్పాడు.
ముసలెద్దులా కదిలింది రెక్క.
వాడు మర మీంచి చెయ్యి తియ్యలేదు,
రెక్క మీంచి చూపు తియ్యలేదు.
"సాలు" అన్నాడు.

ఒకటి మీద పెడితే గాలేం తగలదు.
సంజాయిషీ రాయాల్సిన కాగితం
ఖాళీగా బల్ల మీదే ఉంది.
పై నుంచి దుమ్ము
కొద్దికొద్దిగా దాని మీద రాలుతోంది.