మణికట్టుకు తెలిసిన మూత

ఆర్వల్ టిబెట్స్ దుకాణంలో
బల్ల మీద ఉన్ని గుడ్డ పరిచి
సంతలో కోడెదూడల్ని నిలబెట్టినట్టు
మూడు రైఫిళ్లు వరసగా పెట్టాడు.
బయట వయోమింగ్ గాలి
తలుపు గంటను ఊరికే మోగిస్తోంది.
"చేత్తో ఎంచుకో, కంటితో కాదు" అన్నాడు.

నాకు అరవై మూడేళ్లు.
ముప్పై ఒక్క ఏళ్లు పల్లె దారుల్లో టపా పంచాను.
కుడి కిటికీలోంచి చెయ్యి చాపి
రోజుకు నాలుగు వందల రేకు పెట్టెలు,
మూత తియ్యడం, మూత మూయడం.
ఆ మణికట్టే ఇప్పుడు
చలి పడితే పాత గొళ్లెంలా కిర్రుమంటుంది.

కౌబాయ్ పోటీకి ముందు ఒక మారుపేరు కావాలి.
నాది "తపాలా బాకీ".
పాతకాలపు గౌను కుట్టించుకున్నాను.
రెండు రివాల్వర్లు డాగ్నీ అరువిచ్చింది.
రైఫిల్ మాత్రం ఇవ్వనంది.
అరువు చెప్పు నడిచేటప్పుడు కాదు,
పరుగెత్తేటప్పుడు కరుస్తుందట.

మొదటిది తొంభై రెండు నమూనా.
తేలిక. ఎత్తగానే భుజానికి అతుక్కుంది.
లీవర్ లాగితే మాత్రం సగంలో ఒక ముడి,
నాగలికి రాయి తగిలినట్టు.
నున్న చేసిస్తానన్నాడు, నాలుగు వారాలు, కూలి వేరే.

రెండోది ఖాళీ తూటాను పక్కకి ఉమ్మేది.
ముచ్చటైనదే.
కానీ డాగ్నీకి అలాంటిదే ఉండేది.
పోయిన వేసవిలో ఆరో తూటా గొంతుకు అడ్డం పడి
గడియారం నడుస్తూనే ఉంటే
ఆమె నోట వచ్చిన మాటలు
పాస్టర్ గారి భార్య ఇంకా మరిచిపోలేదు.

మూడోది డెబ్బై మూడు. ఎనిమిది పలకల పొడుగు గొట్టం.
లోపల మోకాళ్లలాంటి రెండు కీళ్లు ముడుచుకుని
లీవర్ వెన్నలా జారింది.
గురిపెట్టి పది లెక్కపెట్టాను.
ఏడు దగ్గర గొట్టం నేల చూసింది.
"వేగంగా కొట్టేవాళ్లంతా ఇదే కొంటారు."
వేగం నాకెందుకు?
పది తూటాలు, పది ఇనుప పలకలు,
ఒక్కటి తప్పితే అయిదు సెకన్ల వడ్డీ.
తొందరపడి రెండు వదిలేసిన కుర్రాణ్ని
అన్నీ మోగించిన ముసలిది దాటిపోగలదు.

"ఇంకోటుంది. చూపించాలని లేదు" అంటూ
వెనక గదిలోకి వెళ్లాడు.
అదే డెబ్బై మూడు, పొట్టి గొట్టం.
కర్ర నిండా గీతలు.
లీవర్‌కు చుట్టిన తోలు చెమటకు నల్లబడి
అందులో మూడు వేళ్ల గుంటలు.
కళ్లు మూసుకున్నాను.
తీశాను. మూశాను.
ప్రుయిట్ వాళ్ల పెట్టె!
నా దారి మొత్తంలో
మంచు రోజున కూడా మొరాయించని ఒకే ఒక్క మూత.

ఎవరిదని అడిగాను.
క్లెమ్ ఆర్బోగాస్ట్‌ది, చూపు పోయిందిగా, అన్నాడు.

నాకు తెలుసు.
ఆర్వల్ కన్నా ముందు, క్లెమ్ భార్య కన్నా ముందు.
కంటి ఆసుపత్రి కవర్లు నెలకొకటి,
తర్వాత వారానికొకటి,
తర్వాత పెద్దక్షరాల పత్రికలు.
ఆపైన ఉత్తరం లేకపోయినా
పెట్టె మీద ఎర్ర జెండా లేచే ఉండేది.
టపా మనిషి నోరు విప్పకూడదు.
విప్పలేదు.

పన్నెండు వందలన్నాడు.
బేరమాడకుండా ఇచ్చాను, పుట్టాక మొదటిసారి.

ఆదివారం ముప్పై నాలుగు మందిలో
నాది ముప్పై ఒకటో స్థానం. ముందే చెప్పేస్తున్నాను.
మొదటి ఆట కాగానే
మడత కుర్చీలోంచి క్లెమ్ పిలిచాడు.
"ఎనిమిదోది మోగలేదు."
నిజమే.
"గొట్టం చివరి పూస ఎడమకి వాలి ఉంటుంది,
పలక ఎడమ అంచు చూసి కొట్టు.
ఆర్వల్‌కి చెప్పలేదులే నేను."
టోపీ తాడు బిగించుకుంటూ కాసేపాగాడు.
"ఎంతకిచ్చాడు?"
"తొమ్మిది వందలు" అన్నాను.
"నాకూ అంతే ఇచ్చాడు" అని
ఆయన చాలాసేపు తృప్తిగా నవ్వాడు.

రెండో ఆటలో పదీ మోగాయి.
ఖాళీ చేసే బల్ల దగ్గర
లీవర్ తెరిచి పట్టుకుని నిలబడ్డాను,
లోపల ఏమీ దాచలేదని
అందరికీ కనబడేలా.